విండోస్ 10 ఆగిపోయింది, షాపులో మూడు సిస్టమ్స్ ఉన్నాయి: ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి?

బ్రాడీపేట_డీటీపీ (గుంటూరు)

అందరికీ నమస్కారమండి. బ్రాడీపేటలో మాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. మూడు సిస్టమ్స్, మూడింట్లోనూ విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచీ తెర మీద ఆ మెసేజ్ వచ్చినప్పుడల్లా టెన్షన్‌గా ఉంటోంది.

మొదటిది ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ దీన్లోనే. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అఫిడవిట్లు ఇందులోనే కొడతాం. విండోస్ 32 బిట్. రెండోది ఐ5 ఏడో జనరేషన్, 8 జీబీ, కౌంటర్ దగ్గర ఉంటుంది. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు, వాట్సాప్ ఫైళ్లు, ఆధార్ ప్రింట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు దాని మీద నడుస్తాయి. మూడోది ఐ5-8400, 8 జీబీ. ఫొటోషాప్, బిల్లులు, లెక్కలు. దీన్నీ విండోస్ 11కి పనికిరాదనే చూపిస్తోంది.

అడిగిన చోటల్లా మూడూ తీసేసి కొత్తవి పెట్టమంటున్నారు. అంత డబ్బు ఒక్కసారిగా పెట్టలేను. పైగా పాప ఈ ఏడు బీటెక్‌లో చేరుతోంది, తనకీ ల్యాప్‌టాప్ కావాలి. పెద్దలు కాస్త దారి చెప్పండి.

కొత్తపేట_సర్వీసు (గుంటూరు)

అన్నా, మూడూ తీసేయనక్కర్లేదు. ముందు మూడో దాని సంగతి చూద్దాం, అది మీరనుకున్నంత పాతది కాదు.

విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి అధికారికంగా సపోర్ట్ ఉంది. ఐ5-8400లో ఆ 8 అదే. మరి పనికిరాదని ఎందుకు చూపిస్తోందంటే, టీపీఎం 2.0 (విండోస్ 11 తప్పనిసరిగా అడిగే భద్రతా ఫీచర్) ఆఫ్‌లో ఉండి ఉంటుంది. అసెంబుల్డ్ బోర్డుల్లో అప్పట్లో దాన్ని ఆఫ్‌లోనే పెట్టి ఇచ్చేవాళ్లు. బయాస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి 'ఇంటెల్ పీటీటీ' అనే ఆప్షన్ వెతికి ఎనేబుల్ చేయండి. ఏఎండీ బోర్డయితే దాన్నే 'ఎఫ్‌టీపీఎం' అంటారు. విడిగా చిప్ కొనాలని ఎవరైనా అంటే కొనకండి.

ఇంకో మెలిక ఉండొచ్చు. డిస్క్ పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్‌లో ఉంటే విండోస్ 11కి కావాల్సిన సెక్యూర్ బూట్ ఆన్ కాదు. కొత్త ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) వేసి ఫ్రెష్‌గా విండోస్ ఎక్కిస్తే ఆ గొడవే ఉండదు. పాత డిస్కే ఉంచుకుంటానంటే దాన్ని కొత్త పద్ధతికి మార్చే 'ఎంబీఆర్2జీపీటీ' అనే టూల్ విండోస్ 10లోనే ఉంది. బ్యాకప్ తీసుకుని, ముందు వాలిడేట్ చేసి, తర్వాత కన్వర్ట్ చేయాలి. ఆ తర్వాతే బయాస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే ఆప్షన్) ఆఫ్ చేయాలి. ఈ వరస తప్పితే సిస్టమ్ బూట్ కాదు.

ఏడో జనరేషన్‌ది మాత్రం ఒప్పుకోవాల్సిందే. దాన్లో టీపీఎం ఉన్నా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఆ ప్రాసెసర్ లేదు. ఏడో జనరేషన్‌లో ఒప్పుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మీ ఐ5 వాటిల్లో ఉండదు.

ఏలూరురోడ్డు_అచ్చుపని (విజయవాడ)

ఐ3 గురించి నేను చెబుతాను, ఎందుకంటే మా ప్రెస్సులోనూ ఇదే కథ. దాన్ని కదపొద్దండి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, అది 2001లో వచ్చింది. విండోస్ 11కి 32 బిట్ ఎడిషన్ లేదు. 64 బిట్ విండోస్ మీద పాత 16 బిట్ ప్రోగ్రాములు నడవనే నడవవు, కొన్ని పాత ఇన్‌స్టాలర్లు ఆ బాపతువే. ముహూర్తాల్లో కార్డుల పని పీకల మీద ఉన్నప్పుడు ఆ ప్రయోగాలు ఎవరికి కావాలి?

చేయాల్సిందల్లా ఒకటే. నెట్ కేబుల్ పీకేయండి. వైఫై డాంగిల్ ఉంటే తీసేయండి. అది పేజ్‌మేకర్ యంత్రం, అంతే. ఇంటర్నెట్ లేని సిస్టమ్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయన్న భయం చాలావరకు తగ్గిపోతుంది. కానీ పెన్‌డ్రైవ్ దగ్గర జాగ్రత్త. కస్టమర్ పెన్‌డ్రైవ్ దానికి పెట్టకూడదు, ఎంత పెద్దమనిషి తెచ్చినా సరే. ఫైళ్లు మార్చుకోవడానికి మీదంటూ ఒక పెన్‌డ్రైవ్ విడిగా పెట్టుకోండి.

ఇంకోటి. 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి ర్యామ్ వాడుకోలేదు. దానికి ర్యామ్ పెంచమని ఎవరైనా చెబితే ఆ డబ్బు దండగ.

తెనాలి_పెంగ్విన్

కౌంటర్ సిస్టమ్‌కి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి గురువుగారూ. మింట్ 22 వరసకి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి, రూపాయి ఖర్చు లేదు. ఏడో జనరేషన్ ఐ5, 8 జీబీ అంటే మింట్‌కి బోలెడు.

ఎందుకు దానికే చెబుతున్నానంటే, మీ షాపులో వైరస్ వచ్చే దారి ఆ కౌంటరే. ఒక్కసారి గుర్తు చేసుకోండి, కాలేజీ పిల్లాడు పెన్‌డ్రైవ్ పెడతాడు, లోపలి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై కనబడతాయి. ఆ షార్ట్‌కట్ మీద నొక్కితే మీ సిస్టమ్‌కి అంటుకుంటుంది, ఆ తర్వాత వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటుకుంటుంది. మింట్‌లో అదే పెన్‌డ్రైవ్ పెడితే ఆ షార్ట్‌కట్‌లు ఉత్త ఫైళ్లు, నొక్కినా ఏమీ కాదు. వైరస్ దాచేసిన అసలు ఫైళ్లు కూడా మామూలుగా కనిపిస్తాయి. పిల్లాడి ప్రాజెక్ట్ రిపోర్ట్ అక్కడే తీసి ప్రింట్ ఇచ్చేయొచ్చు.

ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతుంది కదా, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. అది మింట్‌లోని వ్యూయర్‌లోనూ తెరుచుకుంటుంది. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ అందులోనే ఉంది. వాట్సాప్ వెబ్, జీమెయిల్, అప్లికేషన్ల సైట్లు అన్నీ బ్రౌజర్‌లోవే. ఇక మిగిలింది ప్రింటర్. హెచ్‌పీ ప్రింటర్లలో ఎక్కువ భాగం ఇబ్బంది లేకుండా నడుస్తాయి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు లినక్స్ డ్రైవర్ దొరకడం కష్టం. అందుకే ఇన్‌స్టాల్ చేయకముందే మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో నడిపి, మీ ప్రింటర్ నుంచి ఒక ఆధార్ కాగితం తీసి చూడండి. వస్తే ఎక్కించండి, రాకపోతే డిస్క్‌లో ఏమీ మారి ఉండదు.

మిర్చియార్డు_లెక్కలు (గుంటూరు)

తెనాలి అన్న చెప్పింది కౌంటర్ వరకు బాగుంది. లెక్కల సిస్టమ్ జోలికి మాత్రం లినక్స్ రాకూడదు. మా కమిషన్ కొట్లో అంతా ట్యాలీ, అది విండోస్ మీదే నడుస్తుంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లయితే దాని డ్రైవరు ఎక్కడ నడుస్తుందో కూడా ముందే కనుక్కోవాలి.

నేను చెప్పదలచుకున్నది ఇంకోటుంది, టైము గురించి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చి పడుతుంటే, మధ్యలో మార్చి 31 లెక్కలు. ఆ రోజుల్లో సిస్టమ్ విప్పడం అంటే కోరి కష్టం తెచ్చుకోవడమే. యార్డుకి మేలో వేసవి సెలవులిస్తారు, మేం సర్వీసు, అప్‌గ్రేడ్ అన్నీ అప్పుడే పెట్టుకుంటాం. మీకూ మూఢం రోజులుంటాయి కదండీ, పెళ్లి కార్డుల పని ఉండదు. అప్పుడు చేయించండి.

గవర్నరుపేట_అసెంబ్లీ (విజయవాడ)

ఇంత శ్రమ ఎందుకు? విండోస్ 10కి ఈఎస్‌యూ (సపోర్ట్ ఆగాక ఇచ్చే అదనపు అప్‌డేట్ల పథకం) ఉంది కదా, 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ బటన్ ఉంటుంది, వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. లేదంటే రూఫస్ అనే టూల్‌తో విండోస్ 11 పెన్‌డ్రైవ్ చేసి, టీపీఎం చెకింగ్ దాటించి, ఏడో జనరేషన్ మీదే విండోస్ 11 ఎక్కించండి. చాలామంది నడుపుతున్నారు.

కొత్తపేట_సర్వీసు (గుంటూరు)

బాబాయ్, ఆ ఉచిత ఈఎస్‌యూ ఇళ్లలో వాడే సిస్టమ్స్ కోసం పెట్టింది. వ్యాపారాలకు వేరే ఉంది, సిస్టమ్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది దానికి రెట్టింపు. ఒక్క ఏడాదికి పెట్టే ఆ డబ్బు ఎస్ఎస్‌డీ మీద పెడితే చాన్నాళ్లు పనికొస్తుంది.

రూఫస్ దారి నడుస్తుంది, కాదనను. ఇంట్లో సినిమాలు చూసుకునే సిస్టమ్ అయితే నేనూ వేస్తాను. కానీ సపోర్ట్ లేని హార్డ్‌వేర్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వలేదు, ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మళ్లీ మనమే చేత్తో ఎక్కించుకోవాలి. ఇంకా వెనకటి మొదటి తరం కోర్ ప్రాసెసర్ల కంటే పాతవైతే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ అసలు బూటే కాదు, వాటిలో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉండదు. షాపు కౌంటర్ అన్నాక మనుషుల ఆధార్లు, సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్కులు దాని మీద నుంచే పోతాయి. ఆ కాగితాలు మనల్ని నమ్మి ఇస్తున్నారు. అక్కడ అరకొర పని వద్దు, నా మాట మింట్‌కే.

యాక్టివేటర్లు కూడా వేయించొద్దు. ఫ్రీగా యాక్టివేట్ చేస్తామని వచ్చే ఫైళ్లలో సగం గొడవ అక్కడే మొదలవుతుంది. యాంటీవైరస్ ఆఫ్ చేయమని అవే అడుగుతాయి చూడండి. మీ మూడో సిస్టమ్‌లో విండోస్ 10 అసలైనదైతే 11 కూడా అదే లైసెన్సుతో యాక్టివేట్ అవుతుంది, మళ్లీ కొనక్కర్లేదు.

బ్రాడీపేట_డీటీపీ (గుంటూరు)

చాలా వివరంగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. మూడూ బాగా స్లో. పొద్దున స్విచ్ వేసి, దీపం పెట్టి, బయట ఊడ్చి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటాయి. ముందు ర్యామ్ వేయించాలా, ఎస్ఎస్‌డీ వేయించాలా?

కొత్తపేట_సర్వీసు (గుంటూరు)

ఎస్ఎస్‌డీ. మారు మాట లేదు.

హార్డ్ డిస్క్ ఒక వరసలో ఉన్న పెద్ద ఫైలుని సెకనుకి 100 నుంచి 150 ఎంబీ చదవగలదు. కానీ విండోస్ లేచేటప్పుడు చదివేవి చిన్నచిన్న ఫైళ్లు, డిస్క్‌లో తలా ఒక చోట ఉంటాయి. ప్రతిదానికీ హెడ్డు అక్కడికి కదలాలి, ప్లేటు తిరిగి ఆ చోటు కిందికి రావాలి. అప్పుడు స్పీడు సెకనుకి ఒకటి రెండు ఎంబీలకు పడిపోతుంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి, డిస్క్ 100 శాతం అని ఎర్రగా ఉంటుంది, ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని ఉంటుంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు. సాటా ఎస్ఎస్‌డీ అయినా 500 ఎంబీ దాటి చదువుతుంది, మీ ఐ3కి కూడా పనికొస్తుంది. 8400కి బోర్డు మీద ఎం.2 స్లాట్ ఉంటే ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన రకం ఎస్ఎస్‌డీ) వేసుకోవచ్చు. అయితే కొన్ని బోర్డుల్లో ఆ స్లాట్ సాటా రకాన్నే తీసుకుంటుంది, బోర్డు మోడల్ నంబరు నాకు పెట్టండి చూసి చెబుతా.

ఐ3లో ఫ్రెష్‌గా ఎక్కించకండి, పేజ్‌మేకర్ సెటప్ మళ్లీ కూర్చోవడం కష్టం. క్లోన్‌జిల్లాతో ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీ మీదకి దించండి. కొత్తది పాత డిస్క్ కంటే చిన్న సైజుదైతే ముందు పార్టిషన్ తగ్గించుకోవాలి. పాత డిస్క్‌ని చెరపకుండా బీరువాలో పెట్టండి.

ర్యామ్ సంగతంటారా, ఏఐ డేటా సెంటర్లకే మెమరీ అంతా పోతుండటంతో 2025 చివరి నుంచి ధరలు బాగా ఎక్కాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మడమే ఆపేస్తున్నామని 2025 డిసెంబరులో ప్రకటించింది. ఫొటోషాప్ ఉన్న సిస్టమ్‌కి ఇంకో 8 జీబీ వేస్తే చాలు. ఉన్న స్టిక్ స్పీడు చూసి, రెండో స్లాట్‌లో అదే రకం డీడీఆర్4 పెడితే డ్యుయల్ ఛానల్ కూడా వస్తుంది.

విప్పినప్పుడు ఫ్యాన్ కింద దుమ్ము తీయించడం మరవకండి. యార్డు వైపు నుంచి వచ్చే సిస్టమ్స్‌లో హీట్‌సింక్ రేకుల మధ్య ఎర్రటి మిరపపొడి అట్టకట్టి ఉంటుంది. బ్లోయర్ పెట్టామంటే షాపులో ఉన్నవాళ్లంతా తుమ్ములే తుమ్ములు. గాలి ఆడక ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి పోయి, తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో సిస్టమ్ స్లో అయిందని వచ్చేవాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త థర్మల్ పేస్టే.

సింగ్‌నగర్_గ్రౌండ్‌ఫ్లోర్ (విజయవాడ)

అప్‌గ్రేడ్ మాటల్లో బ్యాకప్ మాట ఎవరూ గట్టిగా అనలేదు కాబట్టి రాస్తున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా వీధిలో నీళ్లు రోజుల తరబడి తీయలేదు. సీపీయూ కింద నేల మీద ఉండేది. నీళ్లు పోయాక మూత తీస్తే బోర్డు నిండా ఒండ్రు. మా నాన్నగారి ఫొటోలు, పిల్లల చిన్నప్పటి వీడియోలు అందులోనే.

అప్పుడు తెలిసినాయన ఒక్క మాట చెప్పి మమ్మల్ని కాపాడారు. తడిసిన హార్డ్ డిస్క్‌ని ఎండబెట్టి కరెంటు పెట్టి చూద్దామని అనుకోవద్దు. దాని మూత మీద గాలి కోసం చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి బురద లోపలికి పోయి ఉంటే తిప్పిన మొదటి క్షణంలోనే హెడ్డు ప్లేటుని గీకేస్తుంది. ఉన్నది ఉన్నట్టు డేటా రికవరీ వాళ్ల దగ్గరికి పంపాలి. మేం పంపాం. ఎక్కువ భాగం వచ్చింది, ఖర్చు మాత్రం కొత్త సిస్టమ్ అంత అయింది.

ఇప్పుడు సీపీయూ బల్ల మీద. ఫొటోల కాపీ ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో మా చెల్లెలి ఇంట్లో, మొదటి అంతస్తులో ఉంది. ఇంకోటి క్లౌడ్‌లో. అన్నా, మీ పెళ్లి కార్డుల ఫైళ్లు, అను ఫాంట్ల ఫోల్డరు ఇవాళే కాపీ తీసి షాపులో కాకుండా ఇంట్లో పెట్టండి.

ఏలూరురోడ్డు_అచ్చుపని (విజయవాడ)

పై మాటకి నాదొక జత. కాపీ తీయడంతో పాటు కొత్త పనులు నెమ్మదిగా యూనికోడ్‌లోకి (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) మార్చుకోండి. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఏమీ ఉండదు, అందులో పేరు వెతకాలన్నా దొరకదు. మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, అచ్చులోనూ బాగా నిలబడతాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకుంటే ఒత్తులు సరిగా కూర్చుంటాయి. డబ్బు పెట్టలేమంటే స్క్రైబస్ 1.6 ఉంది, అది లినక్స్‌లోనూ నడుస్తుంది. నిజం చెప్పాలంటే కార్డుల్లో కావాల్సిన ఆ వంపులు, ఆ రకరకాల అక్షరాల ఎంపిక యూనికోడ్‌లో ఇంకా అంతగా లేదు. అందుకని కార్డులు పాతదాన్లో, అఫిడవిట్లు, కరపత్రాలు కొత్తదాన్లో మొదలుపెట్టండి. నేలపాడు హైకోర్టుకి పోయే వకీళ్లు ఎటూ వర్డ్ ఫైలే అడుగుతున్నారు.

మొగల్రాజపురం_కోడ్ (విజయవాడ)

పాప ల్యాప్‌టాప్ గురించి ఎవరూ రాయలేదు. బడ్జెట్, బ్రాంచి చెప్పండి.

బ్రాడీపేట_డీటీపీ (గుంటూరు)

సీఎస్ఈ అండి. 60 వేలు, మరీ తప్పదంటే ఇంకో రెండు మూడు వేలు. నాలుగేళ్లు రావాలి.

మొగల్రాజపురం_కోడ్ (విజయవాడ)

అయితే గ్రాఫిక్స్ కార్డు కోసం పాకులాడొద్దండి. ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టండి, 16 జీబీ కొనేటప్పుడే ఉండాలి. తర్వాత వేయించుకుందాంలే అంటే ఇప్పటి ధరల్లో భారమవుతుంది, పైగా చాలా మోడల్స్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది. అదనపు స్లాట్ ఉందా అని ముందే అడగండి. 512 జీబీ ఎన్‌వీఎంఈ చాలు.

ఏఎండీ తీసుకుంటే నంబరు చదవడం నేర్చుకోండి. 7000 సిరీస్‌లో మూడో అంకె అసలు తరం చెబుతుంది. రైజెన్ 5 7520యూ అంటే మూడో అంకె 2, అది పాత జెన్ 2. 7530యూ అంటే జెన్ 3. 7640 అయితే జెన్ 4. షాపులో మూడూ 'రైజెన్ 5, 7000 సిరీస్' అనే చెబుతారు, కానీ మధ్యలో ఏళ్ల తేడా ఉంది. స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లకి బ్యాటరీ బాగా వస్తుంది. అయితే అవి ఆర్మ్ ప్రాసెసర్లు, కాలేజీ ల్యాబ్‌లో వాడే సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్ పరీక్షల బ్రౌజర్ వాటి మీద నడుస్తాయో లేదో తేల్చుకున్నాకే కొనాలి.

లినక్స్ కోసం డ్యుయల్ బూట్ మొదటి ఏడే వద్దు. విండోస్ 11 లోపలే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుంటే ఉబుంటు టెర్మినల్ వస్తుంది, చదువుకి సరిపోతుంది.

సీఎస్ఈ_మూడోఏడు (వడ్లమూడి)

అన్న చెప్పిందంతా కరెక్ట్ అంకుల్. నేను చూసింది ఒకటి కలుపుతాను. తెర వెలుగు 250 నిట్స్ అని రాసి ఉన్నవి మా క్లాసులో కిటికీ పక్కన కూర్చుంటే అస్సలు కనపడవు. 300 నిట్స్, ఐపీఎస్ రకం తెర చూడండి. బరువు కూడా. బస్సులో రోజూ మోసేది తనే కదా, షాపులో ఒకసారి చేత్తో పట్టుకుని చూడమనండి.

మ్యాక్ మినీ ఎం4 కూడా 16 జీబీతో 59,900కి విడుదల చేశారు, స్టూడెంట్లకు ఇంకా తక్కువ. కానీ దానికి తెర, కీబోర్డు విడిగా కొనాలి, క్లాసుకి తీసుకెళ్లలేం. ఇంట్లో ఉండి చేసుకునేవాళ్లకే.

బ్రాడీపేట_డీటీపీ (గుంటూరు)

శుభవార్త. పీటీటీ ఆన్ చేసి, ఎస్ఎస్‌డీ వేసి మూడో సిస్టమ్‌కి విండోస్ 11 ఫ్రెష్‌గా ఎక్కించాం, చక్కగా లేస్తోంది. కౌంటర్‌ది మింట్ లైవ్‌లో ప్రింట్ వచ్చింది, ఈ ఆదివారం ఎక్కిస్తున్నాం. కానీ ఇవాళ మూడో దానికి బయాస్ అప్‌డేట్ చేయగానే నీలం తెర వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. మేం ఏ లాకూ పెట్టలేదు. జీఎస్టీ బిల్లులు అందులోనే ఉన్నాయి, కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

కొత్తపేట_సర్వీసు (గుంటూరు)

కంగారు పడకండి అన్నా, ఫార్మాట్ మాత్రం కొట్టించకండి. 24హెచ్2 నుంచి ఫ్రెష్‌గా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అడగదు. బయాస్ మారేసరికి టీపీఎం అనుమానపడి కీ అడిగింది, అంతే.

మీ ఫోన్‌లో అదే అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లోకి వెళ్లండి. డివైసెస్‌లో మీ సిస్టమ్ పేరు కింద రికవరీ కీ అని 48 అంకెలు ఉంటాయి. తెర మీద కనిపించే కీ ఐడీ, ఫోన్‌లోని ఐడీ మొదటి అక్షరాలు కలిశాయో లేదో చూసుకుని కొట్టండి. లాగిన్ అయ్యాక ఆ 48 అంకెలు ప్రింట్ తీసి ఇంట్లో బీరువాలో పెట్టండి, షాపులో సిస్టమ్ మీద అంటించొద్దు. ఇక మీదట బయాస్ జోలికి వెళ్లేముందు ఎన్‌క్రిప్షన్ ఆపి, పని అయ్యాక ఆన్ చేయండి. ప్రో ఎడిషన్ అయితే సస్పెండ్ అని విడిగా ఆప్షన్ ఉంటుంది.

బ్రాడీపేట_డీటీపీ (గుంటూరు)

కీ దొరికింది, తెరుచుకుంది. బిల్లులన్నీ ఉన్నాయి. ఐ3కి క్లోన్ చేయడానికి పాత డిస్క్ 500 జీబీ, వాడింది 90 లోపే. 240 ఎస్ఎస్‌డీ తీసుకోనా?

కొత్తపేట_సర్వీసు (గుంటూరు)

తీసుకోండి. కొనే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పాత డిస్క్ హెల్త్ చూడండి. పసుపు రంగు 'కాషన్' వస్తే, క్లోన్ సంగతి తర్వాత, ముందు కార్డుల ఫైళ్లు కాపీ తీసేయండి.